రామగిరి మేడ మీది తల్లిదండ్రుల క్లాసు: 150 రూపాయలు, రెండు ఆదివారాలు

నల్లగొండ రామగిరిలో ఒక రిటైర్డ్ లెక్కల సారు మేడ మీద పిల్లలకు ట్యూషన్లు చెప్తారు. 2025 జూన్‌లో ఆయన తల్లిదండ్రులకు కూడా ఒక క్లాసు పెట్టారు. "పదో తరగతిలో ఏం మారింది, మార్కులు ఎట్లేస్తరు" అని చేత్తో రాసిన కాగితం జిరాక్సు షాపు గోడకు అంటించి ఉంటే చూసి పోయాను. మనిషికి 150. భార్యాభర్తలు ఇద్దరూ వస్తే 300, తగ్గింపేమీ లేదు. అందుకే మా ఆయన్ని ఇంట్లోనే వదిలేశాను.

పోవడానికి కారణం ఇంకోటి ఉంది. అంతకు రెండు వారాల ముందు మా బిడ్డ చదివే ప్రైవేటు బడి వాళ్లు కూడా మీటింగు పెట్టారు. ఆ బడి పేరు రాయను, బిడ్డకు ఇంకా ఏడాది ఉంది అక్కడ. ఏసీ హాలు, తెర మీద బొమ్మలు, మనిషికో సమోసా. ఇంగ్లీషులో ముప్పావు గంట చెప్పారు. హోలిస్టిక్ అన్నారు, కాంపిటెన్సీ అన్నారు, ఇరవై ఒకటో శతాబ్దం అన్నారు. నేను లేచి "బడిలోనే వేసే ఇంటర్నల్ మార్కులు ఈ ఏడు ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగితే "మేడమ్, అవన్నీ మేం చూసుకుంటం" అన్నారు. బయటికొచ్చేటప్పుడు చేతిలో ఒక ఫారం పెట్టారు. ఐఐటీ ఫౌండేషన్, 18,000. సమోసా మాత్రం బాగుంది.

ఇక సారు క్లాసు. పది గంటలకని రాసి, పది నలభైకి మొదలుపెట్టారు. మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి రెయిలింగు లేదు. పైన పిల్లల బెంచీలు. రోజంతా మిషన్ తొక్కే మోకాళ్లు నావి, ఆ బెంచీకీ బల్లకీ మధ్య ఇరుక్కుని మూడు గంటలు కూర్చోవడమంటే మాటలు కాదు. ఫ్యాను ఒక్కటే, అది కూడా సారు తల మీదే తిరుగుతుంది. మొత్తం 22 మందిమి, అందులో మగవాళ్లు ఐదారుగురు.

నేను 2001లో పది రాశాను. అప్పుడు 600 మార్కులు, పదకొండు పేపర్లు, హిందీ ఒక్కటే వందకు, మిగతావన్నీ యాభై యాభై. 360 దాటితే ఫస్టు క్లాసు. నాకు 342. హిందీలో 23 వచ్చాయి, 20 వస్తే చాలు కాబట్టి గట్టెక్కాను. సారు బోర్డు మీద ముందుగా ఆ 600ని రాసి, "ఇక్కడున్నోళ్లల్ల సగం మంది ఇంకా ఈ లెక్కల్నే ఉన్నరు" అన్నారు. నిజమే. మా బిడ్డ మార్కులు చెప్పినప్పుడల్లా నేను మనసులో ఆరుతో హెచ్చవేసి చూసుకుంటాను.

అక్కణ్నుంచి ఆయన ఒక గీత గీసుకుంటూ పోయారు. 2012లో పది ఫలితాల్లో మార్కులు పోయి గ్రేడ్లొచ్చాయి. 91 దాటితే ఏ1, 81 దాటితే ఏ2, అట్లా కిందికి. 2014-15 నుంచి కొత్త పుస్తకాలు, కొత్త పద్ధతి: పబ్లిక్ పరీక్ష 80కి, బడిలో ఏడాదంతా వేసే ఇంటర్నల్స్ 20కి. దీనికి మూలం 2009 విద్యా హక్కు చట్టంలో ఉందట. పిల్లల్ని ఏడాది చివర ఒక్కసారి కాకుండా ఎప్పటికప్పుడు, అన్ని వైపుల నుంచీ చూడాలని ఆ చట్టం చెప్తుంది. తర్వాత కరోనా. 2020లో పరీక్షలు మధ్యలో ఆగిపోయి, ఆ 20 మార్కుల ఇంటర్నల్స్‌నే వందకు పెంచి అందర్నీ పాస్ చేశారు. మా అక్క కొడుకు ఆ బ్యాచే. 10కి 10 జీపీఏ (గ్రేడు పాయింట్ల సగటు) వచ్చింది. ఆ పదిని తర్వాత ఎవరూ అడగలేదు, వాడూ ఎక్కడా చెప్పుకోడు. 2022 నుంచి పదకొండు పేపర్లు ఆరయ్యాయి. 2025 ఫలితాల్లో జీపీఏ తీసేసి, సబ్జెక్టు వారీ గ్రేడ్లతో పాటు మార్కులను మళ్లీ మెమో మీదికి తెచ్చారు.

ఇదంతా పావుగంటలో అయిపోయింది. అసలు సంగతి ఆ తర్వాత. 2024 నవంబరులో ఇంటర్నల్స్ ఎత్తేసి పరీక్ష మొత్తం వందకు పెడతామని సర్కారు చెప్పింది. మొదట ఆ ఏడాదే అన్నారు, సగం ఏడు గడిచిపోయింది కదా అని గోలపెడితే మర్నాడే మార్చి 2025-26 నుంచి అన్నారు. అంటే మా బిడ్డ బ్యాచ్ నుంచి. ఎందుకు ఎత్తేశారని ఒకాయన అడిగితే సారు దాచలేదు. "చానా ప్రైవేటు బళ్లల్ల చదివినోనికీ చదవనోనికీ 20కి 20 ఏస్తుండ్రు. గది అందరికీ ఎరుకే" అన్నారు. సారు ఇచ్చిన జిరాక్సు కాగితంలో కూడా పెద్దక్షరాలతో "ఇంటర్నల్స్ లేవు, పేపర్ 100 మార్కులకు" అని ఉంది. జిరాక్సు ఎంత వెలిసిపోయిందంటే ఆ ఒక్క లైనే సరిగ్గా కనపడుతుంది.

అయినా ఆయన ఆ రోజు గంటన్నర సేపు చెప్పింది ఎత్తేసిన ఇంటర్నల్స్ గురించే. కలవని మార్కులకు ఇంత సేపెందుకని ముందు బెంచీలో ఒకాయన విసుక్కున్నారు కూడా. సారు ఆయన వైపు చూడకుండానే "మార్కులు కలవకపోయినా బళ్లె ఎఫ్‌ఏలు ఆగవు" అని ముందుకు పోయారు.

ఎఫ్‌ఏ అంటే నిర్మాణాత్మక మూల్యాంకనం, బడిలో ఎప్పటికప్పుడు చూసి మార్కులేసేది. ఇంటర్నల్స్ పుట్టేది వీటి నుంచే. ఏడాదికి నాలుగు. ఒక్కోటి 20 మార్కులకు, అందులో నాలుగు భాగాలు, ఐదేసి మార్కులు: క్లాసులో పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత పని, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. ఆ లఘు పరీక్షనే మనవాళ్లు స్లిప్ టెస్ట్ అంటారు. నేను ఇన్నాళ్లూ ఎఫ్‌ఏ అంటే స్లిప్ టెస్ట్ ఒక్కటే అనుకున్నాను. అంటే 20లో 5 మాత్రమే నా లెక్కలో ఉన్నాయి. మిగతా 15 ఎక్కడ పుడుతున్నాయో ఎన్నడూ అడగలేదు.

అప్పుడు సారు రెండు ప్రాజెక్టులు మా చేతికిచ్చారు. రెండూ నీళ్ల మీదే. పిల్లల పేర్ల మీద తెల్ల కాగితం అంటించారు. "ఐదుకి ఎన్నేస్తరో ఏయుండ్రి" అన్నారు. మొదటిది థర్మాకోల్ మీద, చుట్టూ మెరుపుల అంచు, ప్రింటు తీసిన బొమ్మలు, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని టైపు చేసిన అక్షరాలు. చూడముచ్చటగా ఉంది. రెండోది గీతల నోటుబుక్కులోంచి చింపిన రెండు కాగితాలు. నీళ్లలో ఫ్లోరైడ్ బాధ ఉన్న మర్రిగూడ దిక్కు ఊరి పిల్లగాడట. కోడికాళ్ల రాత, నాలుగైదు చోట్ల అక్షర దోషాలు. వాళ్ల వాడకట్టులో ముగ్గురు ముసలోళ్లను అడిగి వచ్చి రాశాడు. ఎవరికి ఎప్పటి నుంచి నడుము వంగింది, ఎవరి పళ్లు పచ్చగున్నాయి, ఏ బోరు నీళ్లు తాగేవాళ్లు, సర్కారు మిషన్ భగీరథ నల్లా వచ్చినాక ఏం మారింది. ఆఖర్లో ఒక లైను ఉంది. "బోరు నీళ్లు ఇప్పుడు మేం తాగుతలేము, కానీ బర్రెలకు అవే పోస్తున్నం, వాటికి ఏం కాదా?"

నేను మొదటిదానికి 5, రెండోదానికి 3 వేశాను. ఇంచుమించు అందరం అంతే. ఒకామె రెండోదానికి 2 వేసింది. సారు కాగితాలన్నీ తీసుకుని బల్ల మీద పెట్టి, ఆ థర్మాకోలును తిప్పి చూపించారు. వెనకాల షాపు స్టిక్కరు ఇంకా ఉంది, 80 రూపాయలు. తర్వాత సైన్సు టీచర్లు దేనికి మార్కులేయాలో ఉన్న కాగితం చదివారు. విద్యాప్రమాణాలు అంటారట వాటిని. విషయావగాహన, ప్రశ్నించడం–పరికల్పనలు చేయడం, ప్రయోగాలు–క్షేత్ర పరిశీలనలు, సమాచార సేకరణ, బొమ్మలు గీయడం, నిజజీవిత వినియోగం. చదివి, "బర్రెల గురించి అడిగిన పిల్లగానికి 3 ఏసి, 80 రూపాయలకు 5 ఏసిన్రు" అన్నారు. ఎవరం మాట్లాడలేదు. ఆ 80 రూపాయల సరుకు పోయినేడు నేను కూడా కొనిచ్చాను, మెరుపుల అంచుతోనే. ఇంకా పది రూపాయలు ఎక్కువ పెట్టి.

లెక్కల భాగం నాకు ఇంకా నచ్చింది, బహుశా నన్నే లేపారు కాబట్టి. ఏం పని చేస్తావమ్మా అంటే టైలరింగ్ అన్నాను. బోర్డు మీద రాశారు: 3 జాకెట్లు, 2 లంగాలు కుడితే 610. 1 జాకెట్, 4 లంగాలు కుడితే 470. దేనికెంత? (సారుకు బజారు రేట్లు తెలీవు, వదిలేయండి.) మొదటి బిల్లును రెట్టింపు చేస్తే 6 జాకెట్లు, 4 లంగాలు, 1,220. అందులోంచి 470 తీసేస్తే లంగాలు పోతాయి, 5 జాకెట్లకు 750. జాకెట్‌కు 150, లంగాకు 80. నోటితోనే చెప్పేశాను. "ఇదే బుక్కుల చరరాశిని తొలగించే పద్ధతి" అన్నారు. 342 మార్కుల మనిషిని, ఛాతీ కొంచెం పొంగింది.

తర్వాత ఇంకో ప్రశ్న. "అదే రేట్ల మీద 6 జాకెట్లు, 4 లంగాలకు 1,300 అని ఇంకో బిల్లు వచ్చింది. ఇప్పుడు జవాబెంత?"

"జవాబేముంటది సార్, అది దొంగ బిల్లు."

"ఎట్ల చెప్తవ్?"

"3, 2కి 610 అయితే డబుల్‌కు 1,220 కావాలె. 1,300 ఎట్లయితది?"

కొత్త పేపర్లలో అడిగేది ఇదేనట. జవాబు కనుక్కో అనడం ఒకటి, దాన్ని సమస్యా సాధన అంటారు. జవాబు ఎందుకు లేదో చెప్పు అనడం వేరు, అది కారణాలు చెప్పడం–నిరూపణ. అదే సంగతిని మాటల్లో గానీ గుర్తుల్లో గానీ రాయమంటే వ్యక్తపరచడం. బతుకులోని లెక్కతో ముడిపెడితే అనుసంధానం. గ్రాఫు గీసి రెండు రేఖలు ఎక్కడా కలవవని చూపిస్తే దృశ్యీకరణ–ప్రాతినిధ్యపరచడం. పుస్తకంలో నా దొంగ బిల్లును అసంగత సమీకరణాల జత అంటారట. ఇంటికొచ్చి మా బిడ్డను అడిగితే అసంగతానికి నిర్వచనం గడగడా చెప్పింది. దొంగ బిల్లు లెక్క ఇస్తే మాత్రం పది నిమిషాలు సమీకరణం సాధించుకుంటూ కూర్చుని, "అమ్మా, ప్రశ్నే తప్పుంది" అన్నది. తప్పే అని రాయొచ్చన్న సంగతి దానికెవరూ చెప్పలేదు.

ఇక లోపాలు. చలకుర్తి నవోదయలో కొడుకు చదువుతున్న ఒకామె సీబీఎస్‌ఈ గురించి అడిగింది. 2026 నుంచి వాళ్లకు పది పరీక్ష రెండుసార్లు. ఫిబ్రవరిలోది అందరూ రాయాల్సిందే. మేలోది ఇష్టమైతేనే, మూడు సబ్జెక్టుల దాకా మార్కులు పెంచుకోవడానికి. సారు ఇంతవరకు చెప్పి, "మనది స్టేట్ సిలబస్ క్లాసు" అని ఆపేశారు. ఆమె కూడా 150 కట్టింది కదా. కాగితం మీద ముందే రాసి ఉంటే బాగుండేది.

దీనికంటే నాకు కోపమొచ్చింది ఇంకోటి. నా పక్క బెంచీలో బత్తాయి మార్కెట్లో హమాలీ పని చేసే ఒకాయన కూర్చున్నాడు. బిడ్డ జిల్లా పరిషత్ బడిలో పది. "నాకు సదువు రాదు సారూ, బుక్కు తెరిస్తే నేనేం చూడాలె?" అని అడిగాడు. సారు "బిడ్డతోని చదివించుకో" అని పక్కకు తిరిగిపోయారు. ఆదివారం పని మానుకుని వచ్చిన మనిషికి చెప్పే మాట కాదది. టీ తాగేటప్పుడు నాకు తెలిసింది నేను చెప్పాను. నోటుబుక్కులో ఎర్ర సిరా చూడన్నా అని. టిక్కు, సంతకం తప్ప ఇంకేం లేకపోతే బడి సారు చదవనట్టే. మధ్యలో ఎర్ర గీతలు, పక్కన రెండు ముక్కలు రాసి ఉంటే చదివినట్టు. చదువు రాకపోయినా రంగు తెలుస్తుంది కదా. ఈ ఉపాయం సారుది కాదు, మా మామది. మా ఆయన కాపీలు దిద్దించుకునే రోజుల్లో మామ ఆయన తోలు తీసేవాడట.

ఆ రోజు ఇంటికి పోయి మనసులో సారు క్లాసుకు ఐదుకి మూడు నక్షత్రాలు వేసుకున్నాను. ఈ రివ్యూ రాద్దామనుకుంటూనే శ్రావణం పెళ్లిళ్ల జాకెట్లలో పడిపోయాను.

ఆగస్టులో కథ మళ్లీ తిరిగింది. 2025-26లో కూడా 80–20 పద్ధతే ఉంటుందని, ఇంటర్నల్స్ పోవని సర్కారు చెప్పింది. అంటే సారు కాగితంలో కనపడే ఆ ఒక్క లైను కూడా తప్పయింది. రెండు రోజులకు వాట్సాప్‌లో ఆయన మెసేజ్ వచ్చింది. "జూన్ కాగితం చింపేయండి. ఆదివారం రండి. డబ్బులు వద్దు." తన తప్పు కాకపోయినా ఖర్చు తను పెట్టుకుని పిలిచినందుకు ఒక నక్షత్రం అక్కడే పెరిగింది. మా బడి వాళ్ల నుంచి ఇప్పటిదాకా ఒక్క మాట లేదు.

రెండో ఆదివారం పదహారు మందిమే వచ్చాం. జూన్‌లో విసుక్కున్నాయన రాలేదు. హమాలీ ఆయన వచ్చాడు, ఈసారి బిడ్డను కూడా తీసుకొచ్చాడు. ఈ క్లాసు చిన్నది, 2025-26 పేపర్ సంగతులే. లెక్కల పేపర్ 80లో పార్ట్ ఏ 60, పార్ట్ బీ 20. పార్ట్ బీ అంతా ఒక్కో మార్కు బిట్లు. మూడు గంటలు. సైన్సు మాత్రం రెండు రోజులు, భౌతికం ఒకరోజు, జీవం ఒకరోజు, 40 చొప్పున, గంటన్నర గంటన్నర. జవాబులు రాయడానికి విడి కాగితాలు కాకుండా బుక్‌లెట్ ఇస్తారు, 2025 పరీక్షల నుంచే. పాస్ కావాలంటే మొత్తం వందలో 35, హిందీకి 20. ఆ 20 మాత్రం మా కాలం నుంచి కదల్లేదు, దానికో దండం. నాలుగు ఎఫ్‌ఏల సగటు తీసి ఆ 20 ఇంటర్నల్స్‌గా పంపుతారు కాబట్టి మొదటి ఎఫ్‌ఏ పోయినా ఇంకా మూడు చేతిలో ఉన్నట్టే అన్నారు. ఇంటర్నల్స్ లేవనుకుని జూలైలో ఎఫ్‌ఏ–1ని తూతూమంత్రంగా కానిచ్చేసిన బళ్లున్నాయని, మీ పిల్లలది ఏమైందో పోయి అడగమని చెప్పారు.

నేను అడిగాను. మా బిడ్డ ప్రోగ్రెస్ కార్డులో ఎఫ్‌ఏ–1 అన్ని సబ్జెక్టుల్లో 20కి 20. నోటుబుక్కులు చూస్తే గైడులోంచి దించిన జవాబులు, కింద టిక్కు, సంతకం. ఎర్ర సిరా మాట ఒక్కటి లేదు. స్లిప్ టెస్ట్ పేపర్లు చూపించమంటే క్లాస్ టీచర్ నా మొహం వింతగా చూసి, "ఫుల్ మార్కులేసినం కదా మేడమ్, ఇంకేం కావాలె?" అన్నది. పాపం ఆమెకు మాత్రం ఏం చేతవుతుంది, ఆమె జీతం నా నెల సంపాదన కంటే తక్కువుంటుంది. మా బిడ్డ మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అందరి తల్లులూ మార్కులు తక్కువొస్తే పోతారు, ఎక్కువొచ్చాయని బడికి పోయిన తల్లి నువ్వొక్కదానివే అన్నది. ఎఫ్‌ఏ–2కి ప్రాజెక్టు మాత్రం కొనలేదు. నా షాపుకొచ్చే వాళ్లను కూర్చోబెట్టి, పండగలకు బట్ట మీద ఎంత పెడతారు, కుట్టుకు ఎంత పెడతారు అని అడిగి పట్టిక రాసుకుంటోంది. నా రేట్లు బయటపడతాయని నాకు కొంచెం భయంగానే ఉంది.

మొత్తం మీద ఐదుకి నాలుగు. ఒకటి కోసింది హమాలీ ఆయన ప్రశ్నకు. రెండో క్లాసులో ఆయన బిడ్డను ముందు బెంచీలో కూర్చోబెట్టుకుని సారు మంచిగా మాట్లాడారు, అయినా జూన్ మాట జూన్ మాటే. బెంచీలకు ఇంకో అర కోద్దామనుకున్నాను కానీ అవి పిల్లల బెంచీలు, మన సైజుకు చేయించలేదు.

ఎస్‌ఏ–1 అనే అర్ధ సంవత్సర పరీక్షలయ్యాక నవంబరులో మళ్లీ పెడతానన్నారు. స్టేట్ సిలబస్ వాళ్లయితేనే పోండి. ఇంట్లో ఒక్కరు పోతే చాలు. పది నలభైకి పోయినా ఏం మించిపోదు. ఫోన్‌పే లేదు, 150 చిల్లరగా పట్టుకెళ్లండి, కూర్చోవడానికి ఒక చిన్న దిండు కూడా.